అవ్వ వెనక కెమెరా

ఆ రోజుల్లో ప్రపంచం మొత్తం నా కళ్ల ముందే జరుగుతుందని, నా వెనక ఏమీ ఉండదని నాకు గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ల వయసులో అందరికీ ఉండేదే అనుకోండి, కాకపోతే నాది కాస్త ముదిరి ఉద్యోగం మీదికి వచ్చింది. డిగ్రీ అయ్యాక కోస్తా నుంచి వచ్చి, అమీర్‌పేట సందులో ఒక హాస్టల్ గదిలో నలుగురిలో ఒకడిగా (మంచాలు మూడే, నాలుగోవాడు ఎవరన్నది ఏ రోజుకారోజు తేలేది) ఉంటూ వీడియో గేములు తయారుచేసే కోర్సులో చేరాను. అమీర్‌పేటలో నేర్పని విద్య అంటూ లేదు గదా. మా ఇన్‌స్టిట్యూట్ సారు మొదటి వారంలోనే చెప్పారు, గేములో కెమెరా ఎక్కడ పెట్టాలన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న అని. హీరో కళ్లలో పెడితే ఆడేవాడే హీరో, వాడికి వాడు కనబడడు. హీరో వెనక నాలుగడుగుల దూరంలో పెడితే, ఆడేవాడు హీరోని నడిపిస్తూ వెంట పోతాడు. మొదటిది 'నేను' అని చెప్పే కథ, రెండోది 'అతను' అని చెప్పే కథ. నాకు మొదటిదే నచ్చింది. అస్తమానం ఇంకొకడి వీపు చూస్తూ ఆడటం నామోషీ అనిపించింది.

కోర్సు అయ్యాక పంజగుట్టలో, కళ్లజోళ్ల దుకాణం పైన ఉన్న ఒక చిన్న గేముల కంపెనీలో పని దొరికింది. ఆరుగురు మనుషులు, ఒక ఏసీ. మూడు నెలలు పని చూసి, బాగుంటే పర్మినెంట్ చేస్తామన్నారు ఆ కంపెనీ నడిపే మా సారు. నేను మాత్రం ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి "పర్మినెంటే నాన్నా" అన్నాను. మూడు నెలల ఆలస్యంతో నిజమయ్యే మాటను అబద్ధం అనకూడదని నా వాదన. ఆ తరవాత రోజూ ఫోన్‌లో ఏదో ఒక వంకతో ఆ మాట మళ్లీ అనేవాణ్ణి. నాన్న ఈపాటికి మా వీధివీధంతా చాటేసి ఉంటారని, ఇక ఉత్తచేతులతో తిరిగి వెళితే తలెత్తుకోలేనని లోపల గుబులుగానే ఉండేది.

మా ఆఫీసులో నా పైన ఉండే ఆవిడను అందరూ అక్క అనేవారు. సిద్దిపేట వైపు మనిషి. ఏ మాటైనా "ఆగు తమ్మీ" అనే మొదలుపెట్టేది. మాకు అప్పుడు వచ్చిన పని ఒక చిన్న గేము: కూరగాయల సంచి పట్టుకున్న ఒక అవ్వ అమీర్‌పేట లాంటి చౌరస్తాలో రోడ్డు దాటి ఇల్లు చేరాలి, అంతే. కెమెరా బాధ్యత నాకిచ్చారు. నేను వెంటనే, కెమెరా అవ్వ కళ్లలోనే ఉండాలి, ఆడేవాడే అవ్వ అయిపోవాలి అని ఇన్‌స్టిట్యూట్‌లో విన్నదంతా అప్పజెప్పాను.

"ఆగు తమ్మీ," అంది అక్క. "అవ్వ గేమన్నప్పుడు అవ్వ కనబడాలె కద?"

"అది పాత పద్ధతి అక్కా," అన్నాను. (ఆవిడ ఆ పని ఏడేళ్లుగా చేస్తోంది. నాది ఏడో వారం.) అక్క నన్నొకసారి ఎగాదిగా చూసి, "సరే, చెయ్ మరి. చూద్దాం," అంది.

నడిచేటప్పుడు మనిషి తల ఎలా ఊగుతుందో అచ్చంగా అలాగే కెమెరా ఊగాలని నా పట్టుదల. అందుకని ఒక పొద్దున, బెణుకులకు కట్టే సాగే బ్యాండేజీతో నా ఫోన్‌ను నుదుటికి బిగించి కట్టుకుని, వీడియో ఆన్ చేసి, అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా మెట్రో స్తంభాల పక్కనే నడిచాను. జనం మర్యాదగా దారి ఇచ్చారు. ఒక పెద్దమనిషి తన మనవరాలిని అవతలి పక్కకు మార్చుకున్నాడు. ఒక ఆటో అన్న నా పక్కనే నెమ్మదిగా నడుపుతూ, "యాడికి భాయ్, ఎర్రగడ్డకా? కూసో, దింపుత," అన్నాడు. నేను వినయంగా, "కాదండి, పంజగుట్టకి," అన్నాను. ఎర్రగడ్డ అంటే ఈ ఊళ్లో ముందు గుర్తొచ్చేది పిచ్చాసుపత్రి అని నాకు అప్పటికి తెలియదు. ఆఫీసులో చెబితే అక్క కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఏమైతేనేం, నా తల ఊగుడు అంగుళం తేడా లేకుండా గేములోకి ఎక్కింది. అవ్వ చేతులు గీయడం పెద్ద పని గనక వాటిని వదిలేశాను. కళ్లున్నాయి గదా, చేతులెందుకు అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం గేము చూడటానికి క్లయింటుగారు వచ్చారు. మా వైపు మనిషే, నిండుగా ఉంటారు, నిండుగా భోంచేసి కూడా వచ్చారు. ఫోన్ చేతికిచ్చాం. ఆయన అవ్వ అయి రెండడుగులు వేయగానే సిటీ బస్సు గుద్దింది. మళ్లీ మొదలు. ఈసారి ఆటో. మళ్లీ మొదలు. నాలుగోసారికి ఆయన తల కూడా గేములో నా తల ఊగినట్టే ఊగడం మొదలైంది. "ముసలావిడ ఏదండీ? నాకు బస్సులు తప్ప ఏమీ కనపడట్లేదేంటి?" అన్నారు. ఆరోసారికి ముఖం పాలిపోయింది. ఫోన్ బల్ల మీద పెట్టి, "బాత్‌రూమ్ ఎటండీ," అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లారు. తిరిగొచ్చి నిమ్మసోడా తాగి, సోమవారం మళ్లీ వస్తానని చెప్పి, గోడ పట్టుకుని మెట్లు దిగారు.

సారు అరవలేదు. అరిచినా బాగుండేది. "సోమవారానికి సరిగ్గా రాకపోతే నువ్వు వేరే పని చూసుకో బాబూ, నేను కూడా ఏం చెయ్యలేను," అన్నారు. నాకు నాన్న కళ్ల ముందు మెదిలారు.

అక్క బ్యాగు భుజాన వేసుకుని, "నడువ్ తమ్మీ," అంది. పంజగుట్ట చౌరస్తాకు తీసుకెళ్లింది. "నేను గా దిక్కు పోత. తర్వాత నువ్వు దాటి రా," అని ఒక చెయ్యి చాచి, బస్సుల వైపు చూడనైనా చూడకుండా అవతలికి వెళ్లిపోయింది. నేను నిలబడ్డాను. ఒక అడుగు వేసి వెనక్కి వచ్చాను. మళ్లీ వేశాను, మళ్లీ వచ్చాను. అవతల అక్క చేతులు కట్టుకుని చూస్తోంది. అప్పుడు తెలిసొచ్చింది నాకు, హైదరాబాద్ వచ్చిన నాటి నుంచి నేను ఒంటరిగా ఒక్క రోడ్డు కూడా దాటలేదని. రోజూ ఎవరో ఒకరి వెనక, ముఖ్యంగా పెద్దవాళ్ల వెనక, వాళ్లకు తెలియకుండా అతుక్కుని దాటేవాణ్ణి. ఇంతలో నిజంగానే ఒక ముసలావిడ సంచితో వచ్చి నా పక్కన నిలబడింది. అరచెయ్యి బస్సుకు చూపించి, అదేదో తన ఇంటి వాకిలి అయినట్టు రోడ్డు మీదికి దిగింది. బస్సు ఆగింది. ఆటోలు ఆగాయి. నేను ఆవిడ వెనకే బిక్కుబిక్కుమంటూ నడిచాను. అవతలి గట్టు ఎక్కాక ఆవిడ వెనక్కి తిరిగి, "వచ్చినవా బిడ్డా?" అని అడిగి, తన దారిన పోయింది. ఆవిడకు అంతసేపూ తెలుసన్నమాట.

"ఏం కనబడ్డది నీకు?" అంది అక్క.

"ఆవిడ వీపు అక్కా. చాచిన చెయ్యి. సంచిలో తోటకూర."

"బస్సు?"

"ఆవిడ ఉంది గదా, బస్సు సంగతి పట్టించుకోలేదు."

"గంతే. గక్కడ పెట్టు కెమెరా. ఆడేటోడు అవ్వ కాదు తమ్మీ, అవ్వ ఎన్క పోయేటోడు. గా చెయ్యి లేకుంటే ఈ ఊర్ల ఎవ్వడు సుత రోడ్డు దాటలేడు."

శనివారం, ఆదివారం అక్క ఆఫీసు తెరిచి నాతో కూర్చుంది. సెలవులో తను రావలసిన పని లేదు. నా తల ఊగుడు తీసేశాం. మనిషి ఎంత కదిలినా కళ్లు చూపును నిలబెట్టుకుంటాయని, ఊగేది తలే గాని లోకం కాదని విడమరచి చెప్పింది. కెమెరాను అవ్వ వెనక, ఎడమ భుజం కిందుగా, భయపడ్డవాడు నడిచే చోట పెట్టాం. అవ్వకు చెయ్యి వచ్చింది. చెయ్యి చాస్తే బస్సు నెమ్మదిస్తుంది, దించేస్తే మీదికొస్తుంది. రోడ్డు దాటాక అవ్వ వెనక్కి తిరిగి నేరుగా ఆడేవాడి వైపు చూడాలని నేనన్నాను. "ఇది బాగున్నది," అంది అక్క. ఆ ఒక్క మాట నాకు సర్టిఫికెట్ల కంటే ఎక్కువ.

సోమవారం క్లయింటుగారు నిమ్మసోడా ముందే పక్కన పెట్టించుకుని కూర్చున్నారు. ఆడారు. మూడోసారికి దాటారు. అవ్వ వెనక్కి తిరిగి చూసింది. ఆయన ఫోన్ కింద పెట్టకుండానే, "ఇంకోసారి ఆడొచ్చాండీ?" అన్నారు. సోడా మా సారు తాగేశారు. ఆ సాయంత్రం నన్ను పిలిచి పర్మినెంట్ అన్నారు. తనే వద్దనాల్సింది, అనలేదని ఆయనతో చెప్పి, శుక్రవారం జరిగిన తప్పును అక్క తన మీద వేసుకుందని చాలా కాలం తరవాత సారే చెప్పారు. నాతో మాత్రం ఆవిడ ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఇన్నేళ్లుగా ఈ వృత్తిలో అన్నం తింటున్నానంటే ఆవిడ చలవే. అది ఆవిడతో అంటే, "ఆగు తమ్మీ," అని మాట మార్చేస్తుంది.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. నోట్లోంచి నిజం వచ్చేసింది. "నాన్నా, ఇవాళ పర్మినెంట్ చేశారు. ఇన్నాళ్లూ కాదు."

"తెలుసులేరా," అన్నారు నాన్న.

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది? పర్మినెంట్ అయినవాడు రోజూ ఫోన్ చేసి పర్మినెంటే అని చెప్పడు గదా."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మరి వీధిలో అందరికీ..." అన్నాను.

"ఎవరికీ చెప్పలేదు. నువ్వు నిజంగా చెప్పిన రోజు చెబుదామని ఆగాను. ఇప్పుడు వెళుతున్నా, చెప్పులు వేసుకుంటున్నా, ఫోన్ పెట్టెయ్."

ఆ మెట్ల మీద కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. చుట్టూ అంతమంది తనను కనిపెట్టుకుని ఉంటే, తను ఎవరి కంటా పడటం లేదనుకున్నాడు పాపం.