మందు వేయని గుంట

మా సైన్సు మాస్టారు పోయారని ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. నేనూ నాన్నా భవానీపురంలో ఆయన ఇంటికి చేరేసరికి వాకిట్లో అందరిదీ ఒకటే మాట: "వారం ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్తే బతికేవారండీ." ఆయనే వింటే "ఎలా తెలుసండీ?" అని అడిగేవారు. నిజంగానే ఎవరికీ తెలీదు. తెలుసుకునే దారీ లేదు. నాకు దుఃఖం కంటే ముందు చిరాకొచ్చింది.

మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేనే. చూడటం సగం పనేనని నాకు నేర్పింది ఆయన. "చూసింది నిజమో కాదో తేలాలంటే ఒక్కటి మార్చు, మిగతావి అలాగే ఉంచు" అనేవారు.

నాన్నకు హనుమాన్ జంక్షన్ దగ్గర చేపల చెరువుంది. ఏటా చలికాలంలో చేపల ఒంటిమీద ఎర్రమచ్చలొస్తాయి. నాన్న మందు చల్లుతాడు, మచ్చలు తగ్గుతాయి. కిందటేడు మమ్మల్ని చూడటానికొచ్చిన మాస్టారు నాన్నను గట్టుమీదే పట్టుకున్నారు.

"మందుకే తగ్గాయంటావా? అప్పటికి చలి కూడా తగ్గుద్ది కదయ్యా!"

"ఇన్నేళ్లుగా కళ్లారా చూస్తన్నానండీ."

"చూశావు. మందు మానేసి చూశావా?"

"మీకు ఒకటో తారీఖుకి పింఛనొచ్చుద్దండీ. నా చేపలు చస్తే ఎవరిస్తారు?"

మాస్టారు పడీపడీ నవ్వారు. చివరికి రాజీ కుదిరింది. చెరువు పక్కన చిన్న గుంటలో అదే నీళ్లు, అదే మేత, కాసిని మచ్చల చేపలు. మందు ఒక్కటే ఉండదు. ఆయన బస్సులు మారి మరీ వచ్చి చూసుకునేవారు. కొన్నాళ్లకు వల వేసి చూస్తే రెండుచోట్లా మచ్చలు మాయమయ్యాయి.

"చూశావా!" అని ఆయన చప్పట్లు కొడుతుంటే నాన్న తల గోక్కున్నాడు.

"అది కాదండీ... గుంటలో కూడా కాస్త చల్లాను. అయ్యి మాత్రం చేపలు కావా?"

నేను కేకలేశాను. మాస్టారు గట్టుమీద కూలబడ్డారు. "నీ జాలి నా ప్రయోగాన్ని మింగేసిందయ్యా! వచ్చే చలికి మళ్లీ చేద్దాం."

చలి వచ్చింది. ఆయన లేరు. దహనం నుంచి తిరిగొచ్చాక నాన్న నాకు చెప్పకుండానే గుంటలో మచ్చల చేపల్ని వదిలి, చెరువులో మాత్రం మందు చల్లాడు. "ఈసారి గుంటని ముట్టుకోనే" అన్నాడు.

నిన్నటికి చెరువులో ఇంకా వల వేయలేదు, లోతు నీళ్లలో చేపలు ఎలా ఉన్నాయో తెలియలేదు. గుంటలో మాత్రం మచ్చలు పెద్దవయ్యాయి. నాన్న గొంతు తగ్గించి అడిగాడు: "చెప్పమ్మా, వెయ్యనా?"

ఎంతవరకు ఆగాలో మాస్టారు నాకు నేర్పనే లేదు. ఆయన మీద కోపమొచ్చింది.

"ఆగు నాన్నా."

నాన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒక చేప మెల్లగా ఒడ్డుకొచ్చి, మచ్చలున్న పక్కను ఎండకు తిప్పి, అక్కడే ఉండిపోయింది.