జవాబు కోసం ఆగే జబ్బార్

మాచర్లలో ఫోటోలు తీసే అబ్దుల్ జబ్బార్‌కు ఒక వింత అలవాటు ఉండేది. శవాన్ని ఫోటో తీసేముందు దాని అనుమతి అడిగేవాడు. అడిగి ఊరుకునేవాడు కాదు, జవాబు కోసం ఆగేవాడు.

చుట్టుపక్కల పోయినవాళ్ళ ఫోటోలన్నీ ఆయనకే రావడానికి కారణం ఆయన స్టూడియో. దేవుడిచ్చిన వెలుగుండగా కరెంటు తగలెయ్యడం ఎందుకని పైకప్పుకు అద్దాలు పెట్టించి, ఒక్క బల్బు లేకుండా నడిపేవాడు. మబ్బుపట్టిన రోజు బొమ్మ పడాలంటే మనిషి నిమిషంసేపు కదలకుండా బిగుసుకుని కూర్చోవాలి. బతికున్నవాళ్ళకు అది చేతకాదు. పెళ్ళికొడుకులకు రెండేసి ముక్కులు వచ్చేవి. పోయినవాళ్ళు మాత్రం మీసం వెంట్రుకలతో సహా స్పష్టంగా పడేవారు. అట్లా పేరొచ్చింది.

ఫోటోలు కడిగిన మందునీళ్ళు కాలవలో పోస్తే గేదెలు తాగి చస్తాయని, వాటిని జాడీల్లో పోసి మూతలు బిగించి పెరట్లో వరసగా పెట్టేవాడు. వాటిల్లో ప్రాణాలు దాస్తున్నాడని వీధిలో పుకారు. ఇంటర్ చదివే కూతురు జైనాబ్‌కు అది ముల్లులా గుచ్చుకునేది. స్నేహితురాళ్ళు గుమ్మం దాకా వచ్చి, జాడీలు చూసి, ఏదో పని గుర్తొచ్చి వెళ్ళిపోయేవారు.

ఎనభై మూడు వేసవిలో గురజాల దగ్గర పల్లె నుంచి కబురొచ్చింది. రాతిగనిలో పనిచేసిన బక్కయ్య పోయాడు. జబ్బార్‌ను ఒంటరిగా పంపితే శవంతో ముచ్చట్లు పెట్టుకుని బస్సు తప్పిపోతాడని భార్య చాంద్ బీ, జైనాబ్‌ను తోడు పంపింది.

బక్కయ్యను కుర్చీలో కూర్చోబెట్టి నడుముకు తువ్వాలు బిగించారు. ఒక కన్ను సగం తెరుచుకునే ఉంది. ఇల్లంతా చీకటి. జబ్బార్ వాకిట్లో ఒకరిచేత అద్దం పట్టించి ఎండను లోపలికి మళ్ళించాడు. వెలుగు గోడమీద పాకుతూ వచ్చి శవం ముఖం మీద ఆగింది. ఆ సగం కన్ను మెరిసింది. ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపేశారు.

జబ్బార్ వంగి శవం చెవి దగ్గర నోరు పెట్టాడు.

"బక్కయ్య మామా, ఫోటో తీసుకుంటా. ఇష్టం లేకపోతే కొంచెం కదులు."

ఆగాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి ఇంకా ఆగాడు. దండలో బంతిపువ్వు ఒకటి జారి నేలమీద పడింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. ఒకాయన చెప్పులు కూడా వదిలేసి వీధిలో పడ్డాడు. జైనాబ్‌కు సిగ్గు ముంచుకొచ్చింది.

"చాలు అబ్బాజాన్, నవ్వుతున్నారు," అంది. నిజానికి నవ్వే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

"ఆయన్ని ఆపబాకే పిల్లా," అంది బక్కయ్య భార్య సుబ్బులమ్మ. "అట్టా పలకరించబట్టే నువ్వున్నావు."

సుబ్బులమ్మ మంత్రసాని. జైనాబ్ పుట్టినప్పుడు పురుడు పోసింది ఆమే. బిడ్డ ఏడవలేదు. నీలంగా, చల్లగా ఉంది. పోయిందని చెప్పి సుబ్బులమ్మే గుడ్డలో చుట్టేసింది. చాంద్ బీకి స్పృహ లేదు. ఆమె లేచేసరికి బిడ్డ ముఖమైనా చూపించాలని జబ్బార్ ఏడుస్తూనే కెమెరా తెచ్చి, అలవాటుకొద్దీ "కదలబాక తల్లీ" అన్నాడు. బిడ్డ కాలితో తన్నింది.

అప్పటినుంచి ఆయన ఏ శవాన్నీ అడగకుండా ఫోటో తీయలేదు. ఎందుకో కూడా ఎవరికీ చెప్పలేదు.

"చెబితే నన్ను ఇంకెవరూ కాన్పుకు పిలవరని," అంది సుబ్బులమ్మ. "నా తప్పు దాచిపెట్టి, పదహారేళ్ళు పిచ్చోడనిపించుకున్నాడు."

బక్కయ్య కదలలేదు. జబ్బార్ సలాం చేసి ఫోటో తీశాడు.

ఇంటికి రాగానే తన ఫోటో చూపించమంది జైనాబ్. జబ్బార్ పెట్టె అడుగు నుంచి తీసి ఇచ్చాడు. గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. ముఖం రాయిలా స్పష్టంగా ఉంది. కాళ్ళున్న చోట మాత్రం పొగ.

"పాడైపోయింది," అన్నాడు జబ్బార్ నొచ్చుకుంటూ. "ఇంకోటి తీద్దామంటే, ఆ తర్వాత నువ్వు ఒక్క నిమిషం కుదురుగా ఉంటేగా?"