దోమలు మెచ్చిన అత్తయ్య

సాయంత్రమైతే చాలు, ఆ ఇంట్లో అందరూ వరండాలోకి చేరతారు. చేరడమంటే మామూలుగా కాదు, అత్తయ్య పక్కన చోటు కోసం తోసుకుంటూ. కుట్టుపని చేసే ఆవిడను వీధంతా అత్తయ్య అనే పిలుస్తుంది. ఉండేది తమ్ముడింట్లో. ఎడమ పక్క మేనకోడలు, కుడి పక్క మరదలు, కాళ్ళ దగ్గర తమ్ముడు. మధ్యలో కూర్చుని ఆవిడ కథ చెబుతుంది, పగలంతా మిషను తొక్కుతూ అల్లిన కథ. వాళ్ళు తనను వదలకపోవడానికి కారణం ఆ కథలేనని ఆవిడకు గట్టి నమ్మకం, కాస్త గర్వం కూడా.

దోమలకూ ఆవిడంటే వల్లమాలిన ప్రేమ. ఎంతమందిలో ఉన్నా వెతుక్కుంటూ వచ్చి ఆవిడనే కుడతాయి. ఒక చేత్తో వాటిని కొడుతూ, రెండో చేత్తో అభినయిస్తూ కథ లాగించేస్తుంది.

ఓ రోజు జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చిన సబ్బులు తయారుచేసే ఆవిడ, అత్తయ్య చేతుల మీద దద్దుర్లు చూసి జాలిపడి, నిమ్మగడ్డి నూనె సీసా తెచ్చిచ్చింది. "నేరుగా రాసుకునేరు, మంటెత్తుతుంది. కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు కలుపుకోండి," అని మరీ మరీ చెప్పింది.

ఆ సాయంత్రం అత్తయ్య ఘుమఘుమలాడుతూ వచ్చి కూర్చుంది. కథలో, పదహారు జేబుల చొక్కా కుట్టించుకున్న పెద్దమనిషి తొమ్మిదో జేబులో చెయ్యి పెట్టబోతున్నాడు. ఇంతలో తమ్ముడు పిక్క మీద చెళ్ళున కొట్టుకున్నాడు. మేనకోడలు మెడ గోక్కుంది. మరదలు లేచి గంతులేసింది. అత్తయ్య మీద మాత్రం ఒక్కటంటే ఒక్క దోమ వాలలేదు.

"ఆ నూనె కడిగేసుకో వదినా!" అంది మరదలు ఉండబట్టలేక. "నీ పక్కనుంటే మమ్మల్ని కుట్టవనే కదా ఇన్నాళ్ళూ..." అని నాలిక్కరుచుకుంది.

"అయితే నేను మీకు మనిషిని కాదు, దోమతెరనన్నమాట!"

అత్తయ్య కథ అక్కడే ఆపేసి లోపలికి వెళ్ళిపోయింది. కోపం కన్నా బాధ ఎక్కువ. తన కథలు ఇన్నేళ్ళూ ఎవరూ విననే లేదా? మర్నాడంతా అదే ధ్యాస. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. చివరికి తేల్చేసుకోవాలనుకుంది. తను ఒంటినిండా నూనె పట్టించుకుని, సీసా బీరువాలో పెట్టి తాళం వేసి, వరండాలో కూర్చుంది. కథ కావలసినవాళ్ళు దోమకాట్లు తింటూ వింటారు, అక్కర్లేనివాళ్ళు తలుపేసుకుంటారు.

పావుగంట గడిచింది. ఎవరూ రాలేదు. అత్తయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు తలుపు కిర్రుమంది. ముందు తమ్ముడు, నిలువెల్లా రెయిన్‌కోటు, తలకు మఫ్లరు. వెనక మేనకోడలు, దుప్పటి ముసుగు, చేతులకు మేజోళ్ళు. ఆ వెనక రెండు చీరలు చుట్టుకుని, కళ్ళూ ముక్కూ మాత్రం బయటపెట్టిన మరదలు. ముగ్గురూ ఎవరి చోట్లో వాళ్ళు చతికిలబడ్డారు.

"తొమ్మిదో జేబులో ఏముందక్కా?" అన్నాడు తమ్ముడు చెమటలు కక్కుతూ.

అత్తయ్య నోరు తెరిచింది. పట్టరాని సంతోషంలో జేబూ గుర్తు రాలేదు, పెద్దమనిషీ గుర్తు రాలేదు.

"త్వరగా చెప్పు వదినా," అని మూలిగింది మరదలు. "ముక్కు మీద కుడుతోంది!"