గేటు దగ్గర ఆగే కథ

వదిన పోస్టాఫీసులో ముప్పయ్యేళ్లు ఉత్తరాలు వేరుచేసి రిటైరైంది. కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని మోకాళ్లు బిగుసుకుపోయిన ఆడపడుచును నడిపించడానికి, రోజూ పొద్దున్నే మైదానం చుట్టూ తిరుగుతూ ఒక కథ చెబుతుంది. మూడు చుట్లయ్యేసరికి కథ రసపట్టులో ఉండగా గేటు దగ్గర ఆపేసి, "మిగతాది రేపు" అంటుంది. ఏడాదిగా ఆడపడుచు ఒక్కరోజూ మానలేదు. కథలో పడవెక్కిన అన్నదమ్ములు ఆర్నెల్లు నీళ్లమీదే ఉన్నారు. ఈ వారంలో మాత్రం ఒడ్డు చేరారు, ఇల్లు కట్టారు, పెద్దవాడు పోయాడు కూడా. ప్రతి కరెంటు స్తంభం దగ్గరా వదిన చెప్పు సరిచేసుకోవడానికి వంగుతోంది. చెప్పుకేమీ కాలేదు. వంగినప్పుడల్లా ఎడమచెయ్యి రొమ్ము మీదే ఉంటోంది.

"ఏంటొదినా, పాపం వాళ్లనలా తరుముతున్నావు?"

"నీ నస పడలేక. ఇవాళ చివరిదాకా చెప్పేస్తాను."

"మరి రేపు నన్నెవరు లేపుతారు?"

"కాళ్లకి అలవాటైందిగా. అవే లేపుతాయిలే."

"వద్దు. మిగతాది రేపే."

చెవిన పడకూడదని ఆడపడుచు గబగబా ముందుకు నడిచింది. వెనక చెప్పుల చప్పుడు ఆగిపోయింది. కథ మాత్రం మెల్లగా వినిపిస్తూనే ఉంది.