కానుక విడిచి వెళ్ళిన ఆదివారం

తొంభయ్యో దశకం చివర్లో, ఫిల్మ్‌నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్‌లో నాకు ఇంజనీరుగా పదోన్నతి ఇచ్చారు. నా పైన చీఫ్ ఇంజనీరుగారు, నా కింద అసిస్టెంటు యాదగిరి. యాదగిరిది బోరబండ. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు. హోదాను బట్టి నన్ను సార్ అనేవాడు గానీ, గుంటూరు నుంచి ఏమీ తెలియకుండా వచ్చిన నాకు పని నేర్పింది అతనే.

అప్పటికి మా థియేటర్‌లో ఇంకా వెడల్పాటి టేపు మీదే రికార్డింగు. దాని మీద ఒక్కో గొంతుకు ఒక్కో ట్రాకు ఉంటుంది. ఏ ట్రాకు మీద రికార్డు చేయాలో దాని ఎర్ర బటన్ నొక్కి పెట్టాలి. ఆర్టిస్టు చెప్పింది ఓకే అయ్యాక ఆ బటన్ తీసేయాలి. మరిచిపోతే తర్వాత రికార్డు చేసేది పాతదాని మీద పడి చెరిపేస్తుంది. చెరిగింది మళ్ళీ దొరకదు. బటన్లు మార్చడం అసిస్టెంటు పని. రికార్డు నొక్కే ముందు ఒకసారి చూసుకోవడం ఇంజనీరు పని.

ఆ శనివారం రాజ్యలక్ష్మిగారు ఒక సినిమాలో తల్లి పాత్రకు డబ్బింగ్ పూర్తి చేశారు. ఆవిడకు అరవై దగ్గర పడుతున్నాయి. సోమవారం ఆవిడ గొంతుకు ఆపరేషన్. తర్వాత గొంతు ఎలా ఉంటుందో డాక్టరు చెప్పలేకపోయారు. అందుకే తొందరపడి ఆఖరి సన్నివేశం చెప్పి వెళ్ళారు. ఆవిడ వెళ్ళాక గుంపు అరుపులు రికార్డు చేయాలి. యాదగిరిని ఎడిటింగ్ రూముకి రీలు తెమ్మని పంపించి, ట్రాకులు నేనే మార్చాను. ఆవిడ ట్రాకు బటన్ తీయలేదు. వెనక్కి తిప్పి వింటే తల్లి మాటలు ఉండాల్సిన చోట జనం అరుపులు వినిపించాయి.

చీఫ్‌గారు వచ్చి, ట్రాకులు ఎవరు మార్చారని అడిగారు. “ట్రాకులు యాదగిరి చూసుకుంటాడు సార్” అన్నాను. అందులో అబద్ధమని చూపించడానికి ఒక్క మాట లేదు. రోజూ ఆ పని అతనిదే. యాదగిరి, తాను అప్పుడు రూములో లేనని చెప్పాడు. చీఫ్‌గారు నా వైపు చూశారు. నేను డబ్బింగ్ షీటు చూస్తూ కూర్చున్నాను. సోమవారం నుంచి రానక్కరలేదని అతనితో చెప్పేశారు. యాదగిరి టిఫిన్ డబ్బా తీసుకుని, మెట్లు దిగాడు.

మా చర్చి సంఘం యూసుఫ్‌గూడలో కూడేది. సంఘస్థుల్లో వారానికొకరు ఒక బైబిలు వాక్యం మీద పది నిమిషాలు మాట్లాడే ఆనవాయితీ ఉండేది. ఆ ఆదివారం వంతు నాది. మత్తయి సువార్తలో, బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడి గురించి యేసు చెప్పిన భాగం ఎంచుకున్నాను. మనకు అన్యాయం చేసినవాళ్ళను క్షమించి ఆరాధనకు రావాలని నాలుగు పేజీలు రాసుకున్నాను కూడా.

నిలబడి వాక్యం పైకి చదివేసరికి, దాన్ని నేను ఇన్నాళ్ళూ తిరగేసి అర్థం చేసుకున్నానని తెలిసింది. అక్కడ కానుక తెచ్చినవాడికి ఎవరి మీదా కోపం లేదు. అతని మీద ఫిర్యాదు ఉన్నది అతని సహోదరుడికి. దెబ్బ తిన్నవాడు ఇంటి దగ్గర ఉన్నాడు, కొట్టినవాడు ప్రార్థనకు వచ్చాడు. కానుక అక్కడే వదిలేసి ముందు ఆ సహోదరుడి దగ్గరికి పొమ్మని ప్రభువు అంటున్నాడు. కాగితాలు మడిచి, “పాస్టరుగారూ, నేను ఒక మనిషి దగ్గరికి వెళ్ళాలి” అన్నాను. ఆయన కారణం అడగలేదు. “వెళ్ళిరా నాయనా, పాట పాడతాం” అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

బోరబండలో యాదగిరి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అతని భార్య మంచినీళ్ళిచ్చింది, నేను తాగలేకపోయాను. జరిగింది చెప్పి, క్షమించమన్నాను. యాదగిరి గోడకు ఆనుకుని విన్నాడు.

“నాకు జెప్పుడు దేనికి సార్? నేను ఆ రూముల లేనని నాకు ఎర్కనే. పెద్ద సారుకు జెప్పున్రి” అన్నాడు.

చెప్తానన్నాను. అతను అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు.

“గది సరే. ఆ అమ్మ రేపు దవాఖాన్ల చేరుతది. ఇయ్యాల్నే పిలువాలె. నడువుండ్రి.”

నేను నా పాపం గురించి తప్ప ఆవిడ గురించి ఆలోచించనే లేదు. ఆ సంగతి అప్పుడు గుర్తించి సిగ్గుపడ్డాను.

ఇద్దరం శ్రీనగర్ కాలనీలో చీఫ్‌గారింటికి వెళ్ళాం. ఆయన భోజనం ముందు నుంచి లేచి వచ్చారు. నేను చెప్పిందంతా విన్నారు. తర్వాత యాదగిరి వైపు తిరిగి, “నిన్న నీ మాట వినాల్సింది” అన్నారు. నాతో మాత్రం, “ఇవాళ రికార్డింగు బోర్డు దగ్గర అతను కూర్చుంటాడు. నువ్వు ట్రాకులు చూడు. ఇక మీదట కూడా అంతే” అని చెప్పి, రాజ్యలక్ష్మిగారికి ఫోను చేశారు.

ఆవిడ మధ్యాహ్నం వచ్చారు. తప్పు నాదని చెప్పాను. “మైకు ముందు మరొక్కసారి నిలబడే పని దొరికింది, కోప్పడతానా ఏంటి” అని లోపలికి వెళ్ళారు. సన్నివేశం మూడో టేకులో ఓకే అయింది. యాదగిరి అడగకముందే బటన్ తీసేసి, తీశానని పైకి చెప్పాను.

ఆపరేషన్ తర్వాత ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఆవిడ మళ్ళీ మైకు ముందుకు రాలేదు. ఆ సినిమా ఆఖరి సన్నివేశంలో ఆవిడ మాటలు ఉన్నాయంటే అది యాదగిరి పుణ్యం. అతను రిటైరయ్యేదాకా ఇంజనీరుగానే ఉన్నాడు. నేను రెండేళ్ళు అతని కింద అసిస్టెంటుగా చేశాక, అతనితో పాటు నేనూ మళ్ళీ ఇంజనీరునయ్యాను. ఆ రెండేళ్ళలో అతన్ని అన్నా అని పిలవడం అలవాటైంది.

ఆ భాగం మీద తర్వాత చాలాసార్లు మాట్లాడాను. ఎవరి మీద నాకు కోపం ఉందో వెతుక్కోవడం కంటే, నా మీద ఎవరికి ఫిర్యాదు ఉందో ముందు అడుగుతాను. తప్పు ఒప్పుకున్నాక, పోయినదాన్ని తిరిగి తేవడానికి ఏ పని మిగిలి ఉందో చూస్తాను. మొదటిది నాకు వాక్యం నేర్పింది. రెండోది, బైబిలు ఎన్నడూ తెరవని యాదగిరన్న నేర్పాడు.