చక్రం వెనక రాయి

పదేళ్ళ కిందట ఒక స్పోర్ట్స్ కారు యజమాని, తను చెప్పినట్టు రాయలేదని, ప్రమాదంలో తప్పెవరిదో తేల్చి రాసే ఒక ఇన్సూరెన్సు సర్వేయరు చేతి మీద కారు బానెట్‌ను దభాలున మూసేశాడు. మూడు వేళ్ళు నుజ్జయ్యాయి. అప్పటినుంచి ఆయన ఏ బండిని చూడబోయినా ముందు వాచీ విప్పి జేబులో వేసుకుంటాడు, కళ్ళజోడుకు తాడు బిగించుకుంటాడు, కుస్తీకి దిగేవాడిలా.

మొన్న ఆగి ఉన్న బ్రెడ్డు వ్యానును వెనకనుంచి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు తగిలింది. బెత్తెడు సొట్ట, అంతే. వ్యానే వెనక్కి వచ్చి గుద్దిందంటూ కారువాడు సర్వేయరు ఎదుటే డ్రైవరును కడుపులో తన్నాడు. తప్పు తన మీద పడితే ఉద్యోగం ఊడుతుందని తెలిసి కూడా డ్రైవరు, "నాదే తప్పని రాసెయ్యండి సార్, చస్తున్నాను" అని మూలిగాడు. సర్వేయరు వంగి చూశాడు. వ్యాను చక్రం వెనక పెట్టిన అడ్డురాయి పెట్టినట్టే ఉంది. అది ఉండగా బండి వెనక్కి కదలదు. సంగతి గ్రహించి కారువాడు రాయిని తన్నబోయాడు. ఆయన దాని మీద అరచెయ్యి ఆనించాడు. బూటు మడమ ఆ చేతి మీద రెండుసార్లు దిగింది.

"తియ్యరా ముసలోడా."

"ఫోటో అయ్యాక తీస్తాను బాబూ," అని ఆయన రెండో చేత్తో ఫోటో తీశాడు.

తర్వాత, వ్యాను బాగుచేస్తున్న గ్యారేజీలో చివరిసారి కలిసినప్పుడు, సర్వేయరు చేతికి కట్టుతో, డ్రైవరుకు చెప్పాడు: "వాడు మళ్ళీ వస్తాడురా. కొడితే కొట్టనీ, తప్పు నాదని మాత్రం సంతకం పెట్టకు. పదేళ్ళ కిందట నా వేళ్ళు నలిగాక, ఆ కారు యజమాని చెప్పినట్టే రాసిచ్చాను. ఆ కేసులో చెయ్యని తప్పు మీద పడ్డ డ్రైవరు, నేనెదురైతే ఇప్పటికీ ఉమ్మేసి పోతాడు."