మామగారి రకం విత్తనం

మా మామగారు కృష్ణా కాలువ మీద లాకు సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆయన దృష్టిలో ఉద్యోగమంటే తలుపెత్తితే నీళ్లు పారాలి, దించితే ఆగాలి. కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకునే అల్లుడి మీద ఆయనకు గురి లేదు. మా పెళ్లయిన రెండో ఏట సింగపూర్ వచ్చి నెల్లాళ్లు మా బిషాన్ ఫ్లాట్‌లో ఉన్నది కూడా, నేను చేసేది ఉద్యోగమో కాదో తేల్చుకోవడానికే. గేదెను వదిలి రాలేనని అత్తగారు ఊళ్లోనే ఉండిపోయారు.

రోజూ సాయంత్రం నేను బూట్లు విప్పకముందే విచారణ మొదలయ్యేది.

"అల్లుడుగారూ, ఇవాళ ఏం చేశారండీ?"

"వెబ్‌సైట్ చేస్తున్నానండీ."

"అంటే, ఏం బయటికొచ్చిందండీ?"

ఏమీ బయటికి రాలేదు. ఆయన చేత ఒక్కసారి మెచ్చుకోలు మాట అనిపించుకోవాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పుకుంటే సిగ్గు. కానీ ఆ నెలలో నేను చేస్తున్న పని ఆయనకు చెప్పేది కాదు.

ఐటీ ఊపు మీదున్న రోజులు. ఎవరు ఏ పని తెచ్చినా మా బాస్ కళ్లకద్దుకునేవాడు. అలా యూరప్ నుంచి ఒక విత్తనాల కొట్టు వెబ్‌సైట్ పని వచ్చింది. బంతిపూల విత్తనాలనుకున్నాడు బాస్. నేనూ అలాగే అనుకున్నాను. తీరా వాళ్లు పంపిన కాగితాలు చదివితే అవి గంజాయి గింజలు. అందులోనూ ఆటోఫ్లవరింగ్ రకం. మామూలు గంజాయి పగటి వెలుగు తగ్గితే గాని పూయదట. ఇది పగటి నిడివితో పని లేకుండా వయసు రాగానే తనంతట తానే పూస్తుందట. ఎక్కడో చలి దేశాల్లో పెరిగే పొట్టి జాతితో సంకరం చేస్తే ఆ గుణం వచ్చిందట. ఒక్కో రకానికీ పేరు కింద నాలుగు గళ్లు నింపాలి: వాసన, ప్రభావం, వంశం, పూత.

సింగపూర్‌లో దిగేవాళ్లు నింపే కార్డు మీద, మత్తుమందులు తెస్తే మరణశిక్ష అని ఎర్రక్షరాల్లో ఉండేది. అది చదివి ఇంగువ డబ్బా కూడా మూత తీసి కస్టమ్స్ వాళ్లకు చూపించి వచ్చిన మనిషి మా మామగారు. నాకు మాత్రం చేతులాడతాయా? బాస్‌కు చెబితే ఉద్యోగం పోతుందేమో, గళ్లు నింపితే ప్రాణమే పోతుందేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పేజీ సరిగ్గా పనిచేస్తోందా లేదా చూసుకోవడానికి తాత్కాలికంగా ఏదో ఒకటి నింపడం మా వృత్తిలో మామూలే. అందుకని గంజాయి ఊసు లేకుండా, మా ఇంట్లో కళ్లెదుట ఉన్న రకాన్నే ఇంగ్లీషులో ఎక్కించాను.

పేరు: మామగారు.

వాసన: ముందు నశ్యం, తరవాత వేపపుల్ల, అడుగున ఆరీ ఆరని తువ్వాలు.

ప్రభావం: మొదటి గంటలో విపరీతమైన విజ్ఞానం. రెండో గంటలో రాజకీయం. మజ్జిగన్నం పడితే కూర్చున్నచోటే నిద్ర, పక్కవాళ్లకు జాగరణ.

వంశం: తండ్రి వైపు దివిసీమ పట్టుదల, తల్లి వైపు రేపల్లె కారం.

పూత: ఋతువుతో నిమిత్తం లేదు. కాఫీ పది నిమిషాలు ఆలస్యమైతే తనంతట తానే.

పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని కొట్టువాడు ఆ పేజీ తెరిచాడు. మర్నాడు వాడి నుంచి మెయిల్ వచ్చింది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఇలాంటి రకం గురించి వినలేదు, గింజలెక్కడ దొరుకుతాయని. బాస్ పొంగిపోతూ నన్ను పిలిచి, ఇంతకీ ఇవేం పూలని అడిగాడు. ఇక దాచలేక చెప్పేశాను. అతని మొహం సున్నం కొట్టిన గోడైంది.

"డిలీట్ లా. ఎవ్రీథింగ్ డిలీట్," అన్నాడు సింగపూర్ యాసలో, గొంతు తగ్గించి.

అన్నీ చెరిపేశాం. నా ఉద్యోగం దక్కింది. కానీ మామగారి పేజీ ప్రింటు ఒకటి టిఫిన్ సంచిలో దాచుకున్నాను. పైన విత్తనాల కొట్టు అని ఉందే గాని, అందులో గంజాయి పేరే లేదు. పైగా అప్పటిదాకా నేను రాసినవాటిలో నాకు నచ్చింది అదొక్కటే.

ఆదివారం నేను స్నానం చేసి వచ్చేసరికి ఆ కాగితం మామగారి చేతిలో ఉంది. సంచి కడుగుదామని తీసిన మా ఆవిడ, దిండు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. తరవాత పెన్ను అడిగారు.

"మా అమ్మది రేపల్లె అని ఎవరు చెప్పారండీ మీకు? నిజాంపట్నం." కొట్టేసి దిద్దారు. "కాఫీకి పది నిమిషాలు కాదు, అయిదు." అదీ దిద్దారు.

పెన్నుకు మూత పెట్టి అన్నారు. "రిటైరయ్యాక నన్ను ఇంతగా ఎవరూ చూడలేదండీ."

నేను వెక్కిరిస్తూ రాశాను. ఆయన దాన్ని మర్యాదగా తీసుకున్నారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఊరు చేరాక ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, ఇక్కడ అందరికీ చెప్పానండీ, మా అల్లుడిది విత్తనాల శాఖ అని. పెద్ద పనేనంటున్నారు."

శాఖ అన్న మాట ఆయన నోట వినగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అది ఏ విత్తనమో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"ఆ మామగారి రకం గింజలు నాలుగుంటే పంపండి," అన్నారు. "పెరట్లో వేద్దాం."

వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఉన్న ఒక్క మొక్కతోనే వేగలేక చస్తున్నా. ఇంకో నాలుగా?"